కాపలా లేని రేవు: రెండు ప్రపంచ యుద్ధాల నడుమ బ్రిటిష్ రక్షణ విధానం, విశాఖపట్నం

1933 అక్టోబరు 7న సింధియా నౌకా కంపెనీ వారి 'జలదుర్గ' ఓడ విశాఖపట్నం కొత్త రేవులోకి వచ్చింది. సరిగ్గా వారం తిరిగేసరికి, అక్టోబరు 14న, జర్మనీ నిరాయుధీకరణ సమావేశం నుంచీ నానాజాతి సమితి నుంచీ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. నవంబరు 14న లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వపు రక్షణ అవసరాల ఉపసంఘం మొదటిసారి సమావేశమైంది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ విశాఖ వచ్చి రేవును లాంఛనంగా ప్రారంభించాడు.

ఈ నాలుగు తేదీలనూ వరసగా పేర్చి చూస్తే, రాబోయే యుద్ధాన్ని పసిగట్టిన ఇంగ్లీషువాడు ముందుచూపుతో బంగాళాఖాతం ఒడ్డున ఒక నౌకాస్థావరం కట్టుకున్నాడనిపిస్తుంది. విశాఖలో ఈ మాట వింటూనే ఉంటాం. ఈనాడు తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడే ఉంది కాబట్టి ఆనాడు కూడా దానికోసమే రేవు తవ్వి ఉంటారన్న ఊహ సులువుగా పుడుతుంది. పైగా కొండ చాటున, సన్నని కాలువ గుండా లోపలికి పోయే రేవు. చూసినవాళ్లకు యుద్ధనౌకలు గుర్తుకు రావడంలో వింత లేదు. దొరికే ఆధారాలు మాత్రం ఈ ఊహకు సాయం రావు. వాటిని బట్టి చూస్తే కథ దాదాపు తిరగబడుతుంది.

ముందు రేవు సంగతి. మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) సరుకుకు తూర్పుతీరాన ఒక దారి కావాలన్నది పాత కోరిక. విశాఖను ఆ పరగణాల రేవుగా చూపించే నివేదిక 1877లోనే అచ్చయింది. అప్పటికి ఇక్కడ ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. సరుకంతా పడవల మీదే ఎక్కాలి, పడవల మీదే దిగాలి. ఇరవయ్యో శతాబ్దం వచ్చాక మాంగనీసు ఖనిజం ఈ వాదానికి బలమిచ్చింది. ఉక్కు తయారీకి అది లేకుండా కుదరదు. గనులు మధ్య పరగణాల్లోనూ ఉన్నాయి, విజయనగరం ప్రాంతంలోనూ ఉన్నాయి. రాయపూర్-విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. రేవు పనులు మొదలైంది 1927లో. డబ్ల్యు.సి. యాష్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఉప్పుటేటి బురదను తవ్వి కాలువ తీశారు. అలల పోటు ఆపడానికి 'జేనస్', 'వెల్లెస్డన్' అనే రెండు పాత ఓడలను ముంచి వాటినే అడ్డుకట్టకు ఆధారం చేసుకున్నారు. ఖర్చు సుమారు 378 లక్షల రూపాయలని రేవు చరిత్రల్లో కనిపిస్తుంది. పనిలో మొదటి నుంచీ చేయి కలిపి ఉన్నది బెంగాల్ నాగపూర్ రైల్వే. సరుకు, రైలు, రేవు ఒకే లెక్కలో కలిసినవి.

రక్షణ కోసమే కట్టారనేవారికి ఉన్న గట్టి ఆధారం ఒక్కటే. ఈ చోటును ఎంచి సిఫారసు చేసిన కర్నల్ హెచ్. కార్ట్‌రైట్ రీడ్ బ్రిటిష్ అడ్మిరల్టీకి, అంటే నౌకాదళ శాఖకు, చెందినవాడు. దీన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. కానీ అడ్మిరల్టీ మనిషి సలహా ఇచ్చినంత మాత్రాన అది అడ్మిరల్టీ పథకం అయిపోదు. రేవుల ఇంజనీరింగులో ఆరితేరినవాళ్లు ఆ శాఖలోనూ ఉండేవారు, వలస ప్రభుత్వం వాళ్ల సలహా తీసుకోవడంలో వింత లేదు. అంతకన్నా ముఖ్యం, కట్టినదాన్ని చూడటం. నౌకాస్థావరమైతే పెద్ద యుద్ధనౌక పట్టే డ్రై డాక్, నౌకాదళానికి చమురు నిల్వలు, మందుగుండు గోదాములు, తీర ఫిరంగులు కావాలి. అవన్నీ ఆ ఏళ్లలో ఒకచోట పోగయ్యాయి. ఆ చోటు సింగపూర్. విశాఖలో తయారైనవి ఖనిజం ఎత్తే బెర్తులు.

బంగాళాఖాతం రక్షణంతా సింగపూర్ మీద ఎందుకు వేలాడిందో తెలియాలంటే 1919కి వెళ్లాలి. ఆ ఏడాది ఆగస్టులో బ్రిటిష్ మంత్రివర్గం సైనిక శాఖలకు ఒక సూత్రం ఇచ్చింది: రాబోయే పదేళ్లలో సామ్రాజ్యం ఏ మహాయుద్ధంలోనూ దిగదు, ఖర్చు ఆ లెక్కనే వేసుకోండి. దీన్నే పదేళ్ల నియమం అన్నారు. 1928లో ఆర్థికమంత్రిగా ఉన్న చర్చిల్ చొరవతో ఆ పదేళ్ల గడువు ఏ రోజుకారోజు కొత్తగా మొదలయ్యేలా మారింది. అంటే గడువు ఎప్పటికీ దగ్గరపడదు. 1931లో జపాను మంచూరియాను పట్టుకుంది, మరుసటి ఏడాది మొదట్లో షాంఘై మీద పడింది. ఆ తర్వాతే, 1932 మార్చిలో, ఈ నియమాన్ని ఎత్తేశారు.

ఇక్కడ చరిత్రకారులందరిదీ ఒకే మాట కాదు. పదేళ్ల నియమమే సర్వనాశనానికి మూలమన్న పాత అభిప్రాయాన్ని జాన్ ఫెర్రిస్ వంటివారు ప్రశ్నించారు. మొదటి ఏళ్లలో సైనిక శాఖలు దాన్ని అంతగా లెక్కచెయ్యలేదనీ, అసలైన బిగింపు తర్వాత వచ్చిందనీ వారి వాదం. జి.సి. పెడెన్ ఖజానా శాఖ లెక్కలు తిరగేసి, ఆ శాఖ అడ్డుపడటమే కాక ఏది ముందు, ఏది వెనక అని తేల్చే పని కూడా చేసిందంటాడు. ఈ సవరణలు సబబైనవే అనిపిస్తాయి. కాకపోతే లండన్ నుంచి చూసినప్పుడు ముందూ వెనకా తేల్చుకోవడంగా కనిపించేది, వరసలో చివర నిలబడ్డ ఊరి నుంచి చూస్తే వేరుగా ఉంటుంది.

జపానుతో బ్రిటన్‌కు 1902 నుంచి మైత్రి ఒప్పందం ఉండేది. మొదటి యుద్ధంలో తూర్పు సముద్రాలను కాయడానికి అది పనికొచ్చింది కూడా. అమెరికా ఒత్తిడి, ఆ వైపే కెనడా మొగ్గు, నౌకా నిర్మాణపు పోటీలో అప్పుల భయం కలిసి 1921-22 వాషింగ్టన్ సమావేశంలో ఆ మైత్రికి ముగింపు పలికాయి. యుద్ధనౌకల విషయంలో బ్రిటన్, అమెరికా, జపానులకు 5:5:3 నిష్పత్తి కుదిరింది. పసిఫిక్‌లో కొత్త కోటలు కట్టరాదన్న నిబంధన హాంకాంగ్‌ను కట్టేసింది గానీ సింగపూర్‌ను ముట్టలేదు. సింగపూర్‌లో స్థావరం కట్టాలన్న నిర్ణయం 1921 జూన్‌లోనే అయిపోయింది. పథకం వినడానికి సులువు. ప్రధాన నౌకాదళం ఐరోపా సముద్రాల్లోనే ఉంటుంది. తూర్పున ప్రమాదం వస్తే సింగపూర్‌కు బయల్దేరుతుంది. అది చేరేదాకా అక్కడి దండు నిలదొక్కుకోవాలి.

ఆచరణ మాత్రం నత్తనడకన సాగింది. 1924లో మాక్డొనాల్డ్ లేబర్ ప్రభుత్వం పని ఆపింది. బాల్డ్విన్ వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. 1929లో లేబర్ తిరిగి వచ్చి నెమ్మదించింది. పెద్ద డ్రై డాక్ తెరిచింది 1938 ఫిబ్రవరిలో. నౌకాదళం రావడానికి పట్టే కాలం తొలి అంచనాల్లో 42 రోజులు. 1930ల చివరికి అది 70 అయింది, 1939లో 90 అయింది, యుద్ధం మొదలయ్యాక 180కి చేరింది. ఈ అంకెల కన్నా పెద్ద సాక్ష్యం నాకు కనపడదు. 42 రోజులను 180 చేసిన ప్రతి సవరణ కాగితం మీద సహేతుకమే. ఇటలీ మధ్యధరాలో తలెత్తింది, జర్మనీ ఉత్తర సముద్రంలో మళ్లీ నౌకలు కట్టింది, జపానుతో కలిపి ముగ్గురినీ ఒకేసారి ఎదిరించే బలం బ్రిటన్‌కు లేదు. క్రిస్టొఫర్ బెల్ రాసినట్టు సింగపూర్ వ్యూహం ఒకే ఒక మొండి పథకం కాకపోవచ్చు, సందర్భాన్ని బట్టి మారే ఆలోచనలే కావచ్చు. కానీ ఆ ఆలోచనల్లో ఎక్కడా తూర్పుతీర రేవులకు తమదైన కాపలా లేదు.

మరి భారత ప్రభుత్వం సంగతి? ఆనాటి భారత సైనిక వ్యయంలో సింహభాగం భూసైన్యానికే. చూపంతా వాయవ్య సరిహద్దు మీద, లోపలి అలజడుల మీద. భారత సైన్యం మీద ఈషర్ కమిటీ ఇచ్చిన నివేదిక తర్వాత 1921లో కేంద్ర శాసనసభ సభ్యులు తీర్మానాలు చేసి, భారత సైన్యం పని దేశరక్షణ, శాంతిభద్రతలని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సామ్రాజ్యపు ఇతర యుద్ధాలకు మన ఖర్చుతో వాడుకోవద్దని దాని అర్థం. ఇక ఉమ్మడి విశాఖ జిల్లా ఆ రెండు యుద్ధాల నడుమ సాయుధ బలగాలను చూసింది సముద్రం వైపు కాదు, మన్యంలో. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడి చేసిన తర్వాత అస్సాం రైఫిల్స్‌ను తీసుకొచ్చి అడవుల్లో దింపారు. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. జిల్లాలో ప్రభుత్వానికి 'భద్రత' అంటే ఏమిటో ఆ రెండేళ్లే చెబుతాయి.

నౌకాదళం విషయం ఇంకా చిత్రం. రాయల్ ఇండియన్ మెరైన్‌ను పోరాడే దళంగా మార్చాలని 1925లో రాలిన్సన్ కమిటీ సిఫారసు చేసింది. బిల్లు 1928లో కేంద్ర శాసనసభ ముందుకు వస్తే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. సభ్యులకు నౌకాదళం అక్కర్లేక కాదు. తమ అనుమతి లేకుండా దాన్ని ఎక్కడికైనా పంపగల అధికారం మీద వారి అభ్యంతరం. ఆరేళ్ల తర్వాత, 1934 అక్టోబరు 2న, రాయల్ ఇండియన్ నేవీ ఏర్పడింది. అప్పటికి విశాఖ రేవుకు ఏడాది నిండబోతోంది. మరోవైపు సముద్ర రక్షణ పేరుతో భారతదేశం ఏటా లక్ష పౌండ్లు బ్రిటిష్ నౌకాదళానికి కడుతూనే ఉంది. కనీసం ఆరు ఆధునిక ఎస్కార్ట్ నౌకలను సొంతంగా పోషించాలన్న షరతు మీద 1938లో దాన్ని మాఫీ చేశారు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు రాయల్ ఇండియన్ నేవీ చేతిలో ఉన్న యుద్ధనౌకలు 8. కరాచీ నుంచి చిట్టగాంగ్ దాకా తీరానికి ఎనిమిది!

మళ్లీ 1933కి. 'జలదుర్గ' వచ్చిన రోజుల్లో సిమ్లాలో జపాను ప్రతినిధులు కూర్చుని ఉన్నారు. మాట్లాడుతున్నది యుద్ధం గురించి కాదు. జపాను బట్టల మీద సుంకం పెరిగింది, దానికి బదులుగా జపాను మన పత్తి కొనడం మానేసింది. ఆ పేచీ తేల్చుకోవడానికి వచ్చారు. 1934 జనవరిలో ఒప్పందం కుదిరింది. విశాఖ రేవు తెరుచుకున్న నెలల్లో భారత ప్రభుత్వానికి జపాను ప్రధానంగా బట్టల పోటీదారు, పత్తి గిరాకీదారు. లండన్‌లోని రక్షణ అవసరాల ఉపసంఘం చూపు ఇంత చిన్నది కాదు. సైనిక శాఖల అధిపతులు, ఖజానా శాఖ నుంచి వారెన్ ఫిషర్, విదేశాంగ శాఖ నుంచి వాన్సిటార్ట్ కూర్చున్న ఆ సంఘం 1934 ఫిబ్రవరి చివర నివేదిక ఇచ్చింది. దూరదృష్టితో చూస్తే అసలు శత్రువు జర్మనీ అనీ, జపానుతో స్నేహం నిలుపుకుంటూనే సింగపూర్‌ను పూర్తిచేయాలనీ దాని సారాంశం. ఆ వేసవిలో ఆర్థికమంత్రి నెవిల్ చాంబర్లేన్ దాని మీద కత్తెర పెట్టాడు. ఇంగ్లండును కాచే వైమానిక దళానికి వాటా పెరిగింది, సైన్యానికీ నౌకాదళానికీ తగ్గింది. బాంబుల భయంతో ఉన్న లండన్ ఓటరుకు అది నచ్చే నిర్ణయమే. విశాఖ వాడికి ఆ లెక్కలో ఓటు లేదు.

ఆ ఉపసంఘంలో నౌకాదళ అధిపతిగా కూర్చున్న చాట్‌ఫీల్డే తర్వాత 1938-39లో భారత రక్షణ మీద నిపుణుల సంఘానికి నాయకత్వం వహించాడు. భారత రక్షణ భూసరిహద్దు దగ్గరే ఆగదనీ, సింగపూర్, ఏడెన్, ఈజిప్టు వంటి చోట్ల కూడా ఉందనీ ఆ సంఘం తేల్చింది. సైన్యాన్ని ఆధునీకరించడానికి బ్రిటన్ డబ్బు ఇవ్వాలంది. ఆలోచన మంచిదే. నివేదిక వెలుగు చూసింది 1939 సెప్టెంబరులో, యుద్ధం మొదలైన నెలలో. 1939 డిసెంబరులో విశాఖలో చిన్న నౌకాదళ కేంద్రం, హెచ్.ఎం.ఐ.ఎస్. సర్కార్స్, వెలిసింది. తీరం వెంట గస్తీకి వైమానిక దళ వాలంటీర్లతో కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్లు పెట్టారు, ఆరోదాన్ని విశాఖకు కేటాయించారు. ఆ ఫ్లైట్ల చేతికి వచ్చినవి వాపిటి వంటి పాత రెండు రెక్కల విమానాలు. 1920ల నాటి సరుకు, 1940ల యుద్ధానికి.

అదే సమయంలో నగరంలో మరో పని మొదలైంది. వాల్‌చంద్ హీరాచంద్ చొరవతో సింధియా కంపెనీ నౌకానిర్మాణ కేంద్రం తలపెట్టింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఓడల కరవుతో బ్రిటన్ అల్లాడుతున్న కాలంలో భారతదేశంలో ఓడలు కట్టే ప్రయత్నానికి ప్రభుత్వం చేయూతనివ్వకపోవడం యాదృచ్ఛికం కాదని జాతీయవాదులు అన్నారు. ఆ మాటను పూర్తిగా రుజువు చేయడం కష్టం. యుద్ధకాలంలో యంత్రాల కొరత నిజమే. కానీ తీరంలో నౌకా బలం సొంతంగా పెరగడానికి రెండు యుద్ధాల నడుమ ఏ విధానమూ దారి తీయలేదన్నది మాత్రం కాదనలేం.

1941 డిసెంబరు 10న జపాను దాడిలో బ్రిటిష్ యుద్ధనౌకలు 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్', 'రిపల్స్' మునిగాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి 8న రంగూన్, మార్చి 23న అండమాన్. ఇరవయ్యేళ్ల సింగపూర్ పథకం కూలడానికి పది వారాలు కూడా పట్టలేదు. ఉత్తరాంధ్రకు ఈ వార్త పత్రికల్లో కన్నా మనుషుల రూపంలో ముందు వచ్చి ఉంటుంది. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగం (రంగూన్) వెళ్లి కూలి చేసుకున్న తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక దొరికిన ఓడ పట్టుకుని కొందరు, కొండలూ అడవులూ దాటి నడిచి కొందరు తిరిగొచ్చారు. ఏ మంత్రివర్గ పత్రమూ చెప్పని సంగతి వాళ్లు చెప్పగలిగేవారు: తూర్పున అడ్డుగోడ లేదని.

ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద పడ్డాయి. అదే సమయంలో ఒజావా నడిపిన మరో జపాను నౌకాదళం బంగాళాఖాతంలోకి చొరబడి, కొద్ది రోజుల్లో 20కి పైగా వర్తక నౌకలను, లక్ష టన్నులకు మించి, ముంచేసింది. ఏప్రిల్ 6న ఆ దళంలోని విమానవాహక నౌక 'ర్యూజో' నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. వాటిని ఎదుర్కొనే యుద్ధవిమాన దళం విశాఖలో లేదు. ఉన్న కాస్త బలాన్నీ సిలోన్‌కూ కలకత్తాకూ సర్దారు. అడ్మిరల్ సోమర్‌విల్ తూర్పు నౌకాదళం సిలోన్ వైపు దెబ్బతిని పడమరకు తప్పుకుంది. అందులోని పాత యుద్ధనౌకలు ఆఫ్రికా తీరానికి వెళ్లాయి.

దాడిలో రేవుకు కలిగిన నష్టం పెద్దది కాదు. ఊరికి కలిగిందే పెద్దది. జనం మూటాముల్లె సర్దుకుని ఎడ్లబళ్ల మీద, రైళ్ల మీద లోతట్టు పల్లెలకు వెళ్లిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. నౌకానిర్మాణ కేంద్రం పనులు కుంటుపడ్డాయి. అక్కడి తొలి ఓడ 'జల ఉష' నీటిలోకి దిగింది 1948 మార్చి 14న, స్వతంత్ర భారత ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా. జపాను సైన్యం ఆంధ్ర తీరాన దిగబోతోందన్న వదంతి తప్పని తర్వాత తేలింది, ఆ దాడి ఉద్దేశం ఓడల రాకపోకలను దెబ్బతీయడమే. కానీ పారిపోయిన జనాన్ని పిరికివాళ్లనడం అన్యాయం. వాళ్లను కాపాడే నౌకాదళం ఎక్కడుందో ప్రభుత్వమే చెప్పలేని వారం అది.

వేరే దారి ఉండేదా? ఖజానా శాఖ తాళాలు తీసినా ముగ్గురు శత్రువుల లెక్క మారదు. 1914లో 'ఎండెన్' అనే ఒక్క జర్మన్ క్రూయిజర్ సెప్టెంబరు 22న మద్రాసు చమురు ట్యాంకులు తగలబెట్టి, బంగాళాఖాతంలో నౌకల రాకపోకలను వారాల తరబడి స్తంభింపజేసింది. అంటే ఈ సముద్రం ఎంత ఆరుబయట ఉందో 1919 నాటికే తెలుసు. విమానవాహక నౌక వస్తుందని ఆనాడు ఊహించలేకపోయినా, తీర విమానాలకూ ఎస్కార్ట్ నౌకలకూ భారత ఖజానా నుంచే కొంత మళ్లించగలిగేవారు. లక్ష పౌండ్లు లండన్‌కు కట్టిన ఏళ్లు అందుకు సరిపోయేవి. ఇది నా అంచనా. ఆధారాలు రుజువు చేసేది దీనికన్నా తక్కువ: విశాఖ రేవు ఖనిజం కోసం పుట్టింది, దాని కాపలా సింగపూర్‌కు అప్పగించారు, సింగపూర్ కాపలా రాని నౌకాదళానికి అప్పగించారు.

ఈ కథలో లండన్ సగం మంత్రివర్గ పత్రాల్లో భద్రంగా ఉంది. విశాఖ సగం ఇళ్లలో ఉంది. 1942 వేసవిలో ఊరు విడిచిన కుటుంబాల దగ్గర ఆనాటి ఉత్తరాలు, ఏ.ఆర్.పి. (వైమానిక దాడుల జాగ్రత్తల) కాగితాలు, రంగం నుంచి వచ్చినవారి టిక్కెట్లు, అద్దె రశీదులు ఉంటే వాటిని పాత పేపర్లవాడికి వేయకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకో, దగ్గరలోని గ్రంథాలయానికో చూపించి నకలు తీయించండి.